గదులు ఖాళీ లేవు, రేపు రండి: తిరుపతిలో ఒక స్టూడెంట్ హారర్ సినిమాకి చేసిన ప్రచారం

తిరుపతిలో మాస్ కమ్యూనికేషన్ చదువుతున్న పిల్లలు ఒక హారర్ షార్ట్ ఫిల్మ్ తీశారు. నిడివి ఇరవై నిమిషాల లోపే. బస్టాండు దగ్గర ఒక లాడ్జి, అందులో నైట్ డ్యూటీ చేసే కుర్రాడు, రెండో అంతస్తులో 203, 204 తర్వాత నేరుగా 206 వచ్చే వరండా. అసలు లేని 205లో రోజూ ఎవరో దిగుతుంటారు. రిజిస్టర్‌లో సంతకం ఉంటుంది, ఖాళీ చేసి వెళ్ళిన టైము మాత్రం ఉండదు. కథ ఇంతే. ఫెస్టివల్స్‌కి పంపే పని నడుస్తోంది, పేరు రాయొద్దు సార్ అన్నారు పిల్లలు. రాయడం లేదు.

నాది ప్రచారం పని. ఊళ్ళో నగల షాపులకీ కోచింగ్ సెంటర్లకీ యాడ్స్ చేస్తాను, అప్పుడప్పుడు ఆ డిపార్ట్‌మెంట్‌లో క్లాసు చెబుతాను. పిల్లలు అడిగింది సూటిగానే ఉంది. సెమినార్ హాల్లో ఒక సాయంత్రం షో, ఉచితం. హాలు నిండాలి. నిండేది కూడా క్లాస్‌మేట్స్‌తో కాదు, ఊళ్ళో మనుషులతో. ఖర్చు ఒక మోస్తరు సెల్‌ఫోన్ ధర దాటకూడదు. చేతిలో ఉన్నది మూడు వారాలు.

మొదటి మీటింగ్‌లో హారర్ సినిమాల సరంజామా అంతా బోర్డు మీద రాయించాను. చీకటి, పాడుబడ్డ ఇల్లు, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, చిన్నపిల్ల నవ్వు, అద్దంలో ఇంకో ముఖం, కిర్రుమనే తలుపు, రక్తం కారే అక్షరాలు, ‘నిజంగా జరిగిన కథ’ అనే కార్డు, ‘దమ్ముంటే ఒంటరిగా చూడండి’ అనే సవాలు. వీటిలో మనిషిని నిజంగా భయపెట్టేవి ఏవి, ఇది హారర్ సినిమా అని తెలియజెప్పేవి ఏవి, విడదీయమన్నాను. రక్తం కారే అక్షరాలు చూసి ఈ రోజుల్లో ఎల్‌కేజీ పిల్లాడు కూడా జడుసుకోడు. అవి కొట్టు మీది బోర్డు లాంటివి, లోపల ఏం దొరుకుతుందో చెబుతాయి. ఆ బోర్డు కూడా కావాలి, లేకపోతే కామెడీ అనుకుని వస్తారు. కానీ ఒకటి చాలు. మిగతా జాగా అంతా భయానికి వదలాలి.

ఆ రోజే ఒక రూలు పెట్టుకున్నాం. దెయ్యాన్ని దాచాలి, ఇది సినిమా అన్న సంగతిని మాత్రం ఎక్కడా దాచకూడదు. రూలు వినడానికి చిన్నదే, దానికోసం జరిగిన గొడవలు మాత్రం చిన్నవి కావు.

‘కనబడుటలేదు’ పోస్టర్

కెమెరా చేసిన కుర్రాడికి ఒక ఐడియా వచ్చింది. హీరో ఫొటోతో ‘కనబడుటలేదు’ అని పోస్టర్ వేసి, కింద లాడ్జి గది నంబరు, ఫోన్ నంబరు ఇచ్చి, బస్టాండు చుట్టూ అతికిద్దామన్నాడు. ఈ ఐడియాకి పెద్ద చరిత్రే ఉంది. అడవిలో మాయమైన ముగ్గురి కథని నిజమే అన్నట్టు చూపించిన 1999 నాటి హారర్ సినిమా ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ తీసిన డేనియల్ మిరిక్, ఎడ్వార్డో సాంచెజ్ ఫ్లోరిడాలో యూనివర్సిటీలో సినిమా చదువుకున్నవాళ్ళే. అమెరికాలో జరిగే సన్‌డాన్స్ సినిమా ఫెస్టివల్‌లో నటుల ఫొటోలతో ఇలాంటి కాగితాలే పంచారు. వెబ్‌సైట్‌లో పోలీసు రికార్డుల్లాంటివి పెట్టారు. సినిమా ప్రపంచం మొత్తం మీద 25 కోట్ల డాలర్ల దాకా వసూలు చేసింది. ఈ కథ ప్రతి మార్కెటింగ్ క్లాసులోనూ చెబుతారు. ఆ సినిమాలో నటించిన అమ్మాయి నిజంగానే పోయిందనుకుని వాళ్ళమ్మకి సానుభూతి కార్డులు వచ్చిన సంగతి మాత్రం చాలామంది చెప్పరు.

నేను వద్దన్నాను. వాడు ఒప్పుకోలేదు. “సార్, అదొక్కటే కదా వైరల్ అయ్యేది?”

తిరుపతి బస్టాండు స్తంభాల మీద నిజమైన ‘కనబడుటలేదు’ కాగితాలు ఎప్పుడు చూసినా ఉంటాయి. రోజూ వేలమంది వచ్చిపోయే ఊరు ఇది. ముసలివాళ్ళు తప్పిపోతారు, పిల్లలు చెయ్యి వదిలేస్తారు, గుండు చేయించుకున్నాక సొంత మనిషిని గుంపులో పోల్చుకోవడమే కష్టం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాప చిరుత నోట పడింది. ఆ తర్వాత కొన్నాళ్ళు భక్తుల చేతికి కర్రలిచ్చి గుంపులుగా పంపించారు. ఆ భయం ఇంకా చల్లారని ఊళ్ళో, మనిషి మాయమయ్యాడని అబద్ధపు కాగితం అతికించి షోకి రమ్మనడం ఏం పద్ధతి? పైగా 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 353వ సెక్షన్ ఒకటుంది. జనంలో భయం పుట్టించే తప్పుడు వార్తలూ పుకార్లూ దాని కిందికి వస్తాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో ముంబైలో ఒక నటి క్యాన్సర్‌తో చనిపోయినట్టు ప్రకటన ఇచ్చి, మర్నాడు బతికే ఉన్నాను, అవగాహన కోసం చేశాను అని వచ్చింది. ఆ అవగాహన సంగతి ఎవరికీ గుర్తులేదు, తిట్లే మిగిలాయి.

చివరికి వాణ్ణి ఒప్పించింది ఈ లా పాయింట్లు కాదు. దర్శకురాలు ఒక మాట అడిగింది. “రేపు ఆ నంబరుకి ఒక అమ్మ ఫోన్ చేసి, మా వాడు కూడా కనబడట్లేదు బాబూ అంటే ఏం చెప్తావురా?” పోస్టర్ అక్కడితో ఆగిపోయింది.

‘నిజంగా జరిగిన కథ’ కార్డు కూడా దాంతోపాటే పోయింది. సవాలు మీద మాత్రం కాసేపు చర్చ నడిచింది. 1958లో విలియమ్ కాజిల్ అనే అమెరికన్ నిర్మాత తన సినిమా చూస్తూ భయంతో ఎవరైనా చనిపోతే 1000 డాలర్లు అని ప్రేక్షకులకి ఇన్సూరెన్స్ కాగితాలు పంచాడు. మన రామ్‌గోపాల్ వర్మ ‘ఫూంక్’ విడుదలైనప్పుడు, 2008లో, థియేటర్లో ఒంటరిగా కూర్చుని చూసినవాళ్ళకి 5 లక్షలు అన్నారు. పేపర్లో వార్త కావడానికి సవాలును మించింది లేదు. చిన్న సినిమాకి మాత్రం అది చేటు అని నా అభిప్రాయం. సవాలు విని వచ్చినవాడు సినిమాని ఓడించడానికే వస్తాడు. మొదటి సీను నుంచీ పక్కవాడి వైపు చూసి నవ్వుతుంటాడు. పెద్ద థియేటర్లో సౌండుతో వాణ్ణి దారికి తెచ్చుకోవచ్చు, సెమినార్ హాల్లో రెండు స్పీకర్లు పెట్టుకుని అది కుదరదు.

తలుపు మీద రాత

మరి వైరల్ అయ్యేది ఏది? దానికి ఫ్లోరిడా దాకా పోనక్కర్లేదు. 1990లలో మన ఊళ్ళలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నారు. కర్ణాటకలోనూ ఇదే కథ, అక్కడ ‘నాళె బా’. రాత్రి తలుపు కొట్టే దెయ్యం అది చదువుకుని తిరిగి వెళ్తుందట, మర్నాడు వస్తే మళ్ళీ అదే రాత. ఏ ఏజెన్సీ నడిపింది ఆ క్యాంపెయిన్ని? టీవీ యాడ్ లేదు, పోస్టర్ లేదు. టీంలో ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మది పుంగనూరు వైపు పల్లె. దూలం కింద బొగ్గుతో రాసిన అక్షరాలు సున్నం కొట్టినా కొన్నేళ్ళు లీలగా కనిపించేవని చెప్పింది.

దాన్ని ప్రచారం చేసేవాడి కళ్ళతో చూస్తే మూడు సంగతులు కనిపిస్తాయి. దెయ్యం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. మనిషి చెయ్యాల్సిన పని ఒకటుంది, చిన్నది, పైసా ఖర్చు లేనిది. ఆ పని చేసేది తన సొంత గుమ్మం దగ్గరే, దారిన పోయే ప్రతివాడూ చూస్తాడు, చూసినవాడు తన తలుపు మీదా రాస్తాడు.

ఇది మాట్లాడుకుంటున్నప్పుడే దర్శకురాలు ఫోన్ తీసి లొకేషన్‌లో తీసిన ఫొటో చూపించింది. లాడ్జి రిసెప్షన్‌లో వేలాడే అట్టముక్క. వైకుంఠ ఏకాదశికీ, బ్రహ్మోత్సవాలకీ, వేసవి సెలవుల్లో శనివారాలకీ తిరుపతిలో ప్రతి లాడ్జిలోనూ బయటపడే అట్ట అది. ‘గదులు ఖాళీ లేవు’. కింద స్కెచ్ పెన్నుతో రెండు మాటలు కలిపితే చాలు. రేపు రండి.

ఇక ట్యాగ్‌లైన్ కోసం వెతుక్కోలేదు. ఈ ఊరివాడికి అది రోజూ కనిపించే బోర్డే. ఒక్క క్షణం ఆగితే చిన్నప్పుడు విన్న తలుపు కథ గుర్తొస్తుంది. రెండూ కలిసిన చోట ఒళ్ళు కొంచెం జలదరిస్తుంది.

దాన్ని లాడ్జి తాళానికి ఉండే బిళ్ళ ఆకారంలో ఆహ్వానపత్రంగా చేశాం. 300 జీఎస్‌ఎమ్ ఐవరీ కార్డు అనే మందపాటి అట్ట, పైన గుండ్రటి చిల్లు, చిల్లులో దారం. ఒక వైపు ‘గదులు ఖాళీ లేవు. రేపు రండి.’ రెండో వైపు ‘గది నం. 205’, కింద షో తేదీ, టైము, హాలు పేరు, ‘హారర్ షార్ట్ ఫిల్మ్. 13 ఏళ్ళు దాటినవారికి.’ ముందు పిల్లలు 13వ నంబరు గది అన్నారు. 13 అంటే భయం మనకి సినిమాల్లోంచి వచ్చిందే తప్ప మన ఇళ్ళలో లేదు. 204 పక్కన 206 కనిపిస్తే మాత్రం ఎవడైనా రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ చూస్తాడు. అన్ని బిళ్ళల మీదా ఒకే నంబరు వేయించాం. ఇద్దరు స్నేహితులు తమ బిళ్ళలు పోల్చుకున్నప్పుడు, ఇద్దరికీ ఒకే గది ఇచ్చినట్టు కనిపించాలి.

బిళ్ళ చేతికిచ్చేటప్పుడు ఒకే మాట చెప్పమన్నాను: “రాత్రికి గడియకి తగిలించుకోండి.” గర్ల్స్ హాస్టల్లో మొదటి రాత్రికే ఒక వరుస గదులన్నిటికీ బిళ్ళలు వేలాడాయి. వార్డెన్ తన గది కోసం కూడా ఒకటి అడిగి తీసుకుందని తెలిసింది.

చీకటి లేని హారర్

పిల్లలు మొదట చేసిన పోస్టర్ డిజైన్ నల్లగా ఉంది, మూలన ఒక చెయ్యి. కంప్యూటర్‌లో బాగానే ఉంది. యూనివర్సిటీ దగ్గర డిజిటల్ ప్రింట్ షాపులో ఒక కాపీ తీయించి చూపించాను. నలుపంతా చారలు చారలుగా వచ్చింది, చెయ్యి బూడిదలో కలిసిపోయింది. అదే ఫొటోని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి చూశాం. కంప్రెస్ అయ్యేసరికి చీకటి గడులు గడులుగా విరిగింది. హారర్ అంటే చీకటి అనే పద్ధతి పెద్ద తెరకి పనికొస్తుంది. జిరాక్స్ కాగితానికీ చిన్న స్క్రీనుకీ వెలుతురే మేలు.

అందుకే పోస్టర్ మొత్తం ట్యూబ్‌లైటు వెలుగులో, లేత ఆకుపచ్చ గోడ ముందు, రిజిస్టర్ పేజీ ఒక్కటే పెట్టాం. గీతలు కొట్టిన పొడుగు పుస్తకం. తేదీ, పేరు, ఊరు, ఎంతమంది, గది నంబరు, వచ్చిన టైము, వెళ్ళిన టైము, సంతకం. పీలేరు, నగరి, వెంకటగిరి, శ్రీకాళహస్తి, వేలూరు. ఒక్కో వరుస ఒక్కో మనిషి చేత రాయించారు: మెస్ వంటమనిషి, వాచ్‌మ్యాన్, టీ కొట్టు ఆయన, ఒక రిటైర్డ్ టీచరు. ఎంత అనుకరించినా ఒకే చెయ్యి రాస్తే కన్ను పట్టేస్తుంది. 205 వచ్చిన మూడు వరుసల్లో పేర్లు వేరు, ఊర్లు వేరు, సంతకం ఒకటే. వెళ్ళిన టైము గడి ఖాళీ. ఆధార్ నంబర్ల గడి ముందు ఉండేది, తీయించేశాను. ఊహించి రాసిన 12 అంకెలు కూడా ఎవరో ఒకరివి కావొచ్చు.

నోటీసు బోర్డుల దగ్గర జనం దీని ముందు నిలబడి చదవడం చూశాను. పోస్టర్‌ని ఎవరూ చదవరు, రిజిస్టర్‌ని చదువుతారు. సంతకాలు ఒకటేనని పట్టుకున్నవాడు పక్కవాడికి వేలు పెట్టి చూపిస్తాడు. అక్కడ మనం చెప్పాల్సిన పని లేదు.

టీజర్ విషయంలో సౌండ్ దగ్గర ఇదే సమస్య వచ్చింది. హారర్ అనగానే ఎడిటర్లు కింది స్థాయిలో ఆగకుండా గుంయ్‌మనే మోత వేస్తారు, దాన్ని డ్రోన్ అంటారు. ఫోన్ స్పీకర్‌లో ఆ కింది స్వరాలు దాదాపు వినబడవు, ఎంతో కష్టపడి చేసిన టెన్షన్ అంతా నిశ్శబ్దం అయిపోతుంది. ఫోన్‌లో పలికేవి వేరే: తాళాల గలగల, ఫ్యాను టిక్కుటిక్కు, ట్యూబ్‌లైటు పాత చోక్ రొద. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చోక్ మోత 100 దగ్గర మొదలవుతుంది, కానీ దాని పై స్వరాలు సన్నగా ఈలలా ఫోన్‌లో కూడా వస్తాయి. టీజర్‌కి అదే సంగీతం.

దాని మీద ఒక మైకు ప్రకటన. తిరుమల వెళ్ళిన ఎవరి చెవిలోనైనా ఉండిపోయే తరహాది: ఫలానా ఊరి నుంచి వచ్చిన ఫలానా గారూ, మీ వాళ్ళు మీ కోసం రిసెప్షన్ దగ్గర ఎదురు చూస్తున్నారు. రెండుసార్లు అంతే. మూడోసారి గొంతులో ఏ మార్పూ లేకుండా: మీ వాళ్ళు మీ గదిలోనే ఎదురు చూస్తున్నారు. కట్. 30 సెకన్ల లోపు. ఉన్నట్టుండి ఉలిక్కిపడేలా చేసే జంప్ స్కేర్ లేదు, అరుపు లేదు. మొదటి ఫ్రేములోనే ‘షార్ట్ ఫిల్మ్ టీజర్’ అని అక్షరాలు. దీన్ని ఆటోలో మైకు పెట్టి ఊరంతా తిప్పుదామని అడిగారు. ఫోన్లు దాటి బయటికి రానివ్వలేదు. వీధిలో ఆ ప్రకటన వినబడితే నిజంగా ఎవరినో వెతుక్కుంటున్న మనిషి పరిగెత్తుకొస్తాడు.

జంప్ స్కేర్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1942 నాటి ‘క్యాట్ పీపుల్’లో ఒక అమ్మాయి వెనక ఏదో వస్తోందని మనం బిగుసుకుపోయి ఉండగా బుస్సుమని శబ్దం వస్తుంది, చూస్తే అది బస్సు. నిర్మాత వాల్ లూటన్ పేరు మీద ఆ ఎత్తుగడని ‘లూటన్ బస్’ అంటారు. మన పిల్లలు సినిమాలో దాన్ని ఆర్టీసీ బస్సు ఎయిర్‌బ్రేకుతో చేశారు, హాల్లో అందరూ ఉలిక్కిపడ్డ సీను అదే. టీజర్‌లో వాడేసి ఉంటే హాల్లో ఎవరూ ఉలిక్కిపడేవారు కాదు.

వదిలేసినవి

ఒక పోస్టర్ చాలా బాగుండేది. వెనక నుంచి తీసిన గుండ్ల వరుస, అందులో ఒక్కరు మాత్రం ఇటు తిరిగి చూస్తుంటారు. ఫొటో కూడా తీశారు. బొమ్మగా దానికి తిరుగులేదు. కానీ గుండు ఇక్కడ మొక్కు. దాన్ని భయానికి వాడితే సగం ఊరు చిన్నబుచ్చుకుంటుంది, మిగతా సగం సినిమా వదిలేసి పోస్టర్ గురించి పోట్లాడుతుంది. గంగజాతరలో ఒళ్ళంతా బొగ్గు పూసుకునే తోటి వేషాన్ని టీజర్‌లో రెండు సెకన్లు మెరిపిద్దామన్న ఆలోచనకీ అదే జవాబు. అలిపిరి వైపు, గుడి గోడల దరిదాపుల్లో ఒక్క కాగితం కూడా పెట్టలేదు. ఊళ్ళో గోడలకి అనుమతి లేకుండా అతికించడం ఎలాగూ చట్టం ఒప్పుకోదు, కాలేజీల నోటీసు బోర్డులూ, అడిగి పెట్టిన షాపుల అద్దాలే వాడాం. థియేటర్లో ఇంటర్వెల్‌లో టీజర్ వేయిద్దామన్నారు. థియేటర్లో వేసే ట్రైలర్‌కి కూడా సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, ఆ దారి మూసుకుంది.

లొకేషన్ ఇచ్చిన లాడ్జి ఓనరు పోస్టర్ చూసి పిలిపించాడు. “ఏం నాయనా, అద్దె వద్దని గదులిస్తే నా కొంపే ముంచతారా? దెయ్యం ఉండాదంటే రేపు నా లాడ్జిలో ఎవురు దిగతారు?” ఆయన కోపంలో న్యాయముంది. పోస్టర్‌లో లాడ్జి పేరు లేదు, గోడ రంగు మాత్రం ఆయనదే. పిల్లలు ఫొటోలో గోడ రంగు మార్చారు, సినిమాలో ముందువైపు బోర్డు కనిపించే షాటు కోసేశారు. “మీ పేరు ఎక్కడా రాదన్నా” అని దర్శకురాలు మాటిచ్చింది. ఆయన ఒక బిళ్ళ జేబులో వేసుకున్నాడు గానీ షోకి రాలేదు.

ఎవరు వచ్చారు

లెక్క తెలియడానికి ఒక చవక ఉపాయం చేశాం. బిళ్ళల దారాలు మూడు రంగులు. హాస్టళ్ళకి ఎరుపు, ఇతర కాలేజీలకి పసుపు, టీ కొట్లూ షాపులకి తెలుపు. షోకి వచ్చినవాళ్ళు బిళ్ళ గుమ్మం దగ్గర ఇచ్చి లోపలికి రావాలి. బిళ్ళలన్నీ ఒక బుట్టలో పడ్డాయి. ఎరుపు ముంచేసింది. పసుపు ఫరవాలేదు. తెలుపు చాలా తక్కువ. టీ కొట్టులో బిళ్ళ తీసుకున్నవాడికి తగిలించుకోవడానికి తలుపు దగ్గర లేదు, జేబులో పెట్టుకుని మరిచిపోయాడు. ఇన్‌స్టాగ్రామ్ రీల్‌కి చూపులు బాగా వచ్చాయి, కానీ కామెంట్లు పెట్టింది హైదరాబాద్, బెంగళూరు వాళ్ళు. తిరుపతిలో ఒక హాలు నింపడానికి ఆ చూపులు అక్కరకు రావు. పిల్లలకి అది జీర్ణం కావడానికి కాస్త టైము పట్టింది.

గుమ్మం దగ్గర బల్ల మీద సినిమాలోని రిజిస్టరే పెట్టాం. వచ్చినవాళ్ళు పేరు, ఊరు, వచ్చిన టైము రాసి సంతకం పెట్టాలి. ఫోన్ నంబరు అడగలేదు. ఊరు అనే గడి వల్ల రేణిగుంట, చంద్రగిరి, తిరుచానూరు, పాకాల నుంచి కూడా వచ్చారని తెలిసింది. సినిమా అయ్యాక బయటికి వస్తుంటే వాలంటీర్లు ఒకే మాట అన్నారు: “వెళ్ళిన టైము రాసి వెళ్ళండి.” నవ్వారు, ఆ తర్వాత వరుసగా నిలబడి రాశారు. ఒక పెద్దాయన గేటు దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగి వచ్చి మరీ రాశాడు.

హాలు నిండిపోయి చాలామంది బయటే ఉండిపోయారు. వాలంటీరు కుర్రాడు తలుపు దగ్గర నిలబడి ఖాళీ లేదండీ, రేపు రండి అంటుంటే, అది కూడా షోలో భాగమేనని నవ్వుతూ ఎవరూ కదలలేదు. హెచ్ఓడీ గారు స్వయంగా వచ్చి మర్నాడు ఇంకో షో ఉంటుందని చెప్పాల్సి వచ్చింది. చిన్నపిల్లలతో వచ్చిన కుటుంబాల్ని వెనక్కి పంపడం కష్టమైంది. బిళ్ళ మీద వయసు మాట మరీ చిన్న అక్షరాల్లో పడింది, రెండో షోకి ముందు గుమ్మం దగ్గర పెద్ద కాగితం మీద రాసి అతికించారు.

ఇప్పుడు ఫెస్టివల్స్ కోసం పోస్టర్ మళ్ళీ చేస్తున్నారు. తిరుపతి దాటితే ‘గదులు ఖాళీ లేవు’ అట్టకి ఇంత బలం ఉండదు, తెలుగు రానివాళ్ళకి ‘రేపు రండి’ వెనకున్న కథ తెలియదు. ట్యాగ్‌లైన్ తీసేసి రిజిస్టర్ పేజీ ఒక్కటే ఉంచమన్నాను. ఊళ్ళ పేర్లు తెలుగులోనే ఉంటాయి, గది నంబరూ టైమూ అంకెలే కాబట్టి ఎవరైనా చదువుతారు. సంతకాలు కాస్త పెద్దవి చెయ్యాలి. చాలా ఫెస్టివల్స్ వెబ్‌సైట్‌లో పోస్టర్‌ని బొటనవేలంత సైజులో చూపిస్తాయి, ఆ సైజులో మూడు సంతకాలూ ఒకటేనని కనిపించకపోతే పేజీ ఉత్త లెక్కల పుస్తకంలా ఉంటుంది. కెమెరా కుర్రాడు ఆ పని మీదే ఉన్నాడు.